పేరు మార్చుకొన్న వాద్యము



తాటాకు గ్రంథములు తిరుగవేయుచు తల నెరిసిన బడిపంతులు రుష్యా దేశపు విద్యుద్వాద్యమును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఆ పని నాకెట్లు తగులుకొన్నదో ముందుగా మనవి చేసెదను.

మా దౌహిత్రుడు రుష్యాలోని యెకతెరిన్‌బుర్గు నగరమున వైద్యవిద్య నభ్యసించుచున్నాడు. ఉరాలు పర్వతముల తూర్పువైపున నున్న యా పట్టణమునకు 1924 మొదలు 1991 వఱకు స్వెర్ద్‌లోవ్‌స్కు అని పేరు. వాడు అద్దెకున్న యింటి యజమానురాలు డెబ్బదియేండ్లు దాటిన వితంతువు. ఆమె భర్త ఒక కర్మాగారపు క్లబ్బులో నృత్యసభలకు వాద్యము వాయించెడివాడట. ఆయన పోయిన పిదప ఆ వాద్యము నల్లని పెట్టెవలె మంచము క్రింద పడియుండెను. చలికాలము రాకముందే కిటికీలు మార్పింపవలసి యుండుటచే ఆమెకు సొమ్ము అవసరమయ్యెను. పాతవస్తువుల వర్తకు డొకడు వచ్చి చూచి, "దీనిపై జపాను కంపెనీ పేరున్నది గాని యిది జపానుది కాదు. మీ ఆయన మోసపోయినాడు, లేదా ఒరులను మోసగించినాడు. పాత ఇనుముక్రింద తూచుకొందును" అనెనట. సొమ్ము తక్కువయని కాదు, ఆ మాటకు ఆమె మిక్కిలి నొచ్చుకొనెను. మావాడు నాలుగు దినములు గడువడిగి, నాకు ఫోనులో చిత్రములు పంపి, "తాతయ్యా, పేరు లేని గ్రంథము ఎవరిదో చెప్పుదురు గదా! ఇది యేమిటో చెప్పుడు" అనెను.

సింథసైజరు అను నీ వాద్యము చూపునకు హార్మోనియమువంటిదే. మెట్లుండును, నొక్కిన పలుకును. కాని హార్మోనియములో తిత్తి గాలి నూదగా రీడు అదరి నాదము పుట్టును. ఇందు తిత్తియు లేదు, రీడును లేదు. విద్యుత్తే సెకండునకు ఇన్నిమారులని ఊగును. ఆ యూగుట స్పీకరును చేరి నాదమగును. అట్లు ఊగించు భాగము జనరేటరు. పుట్టిన నాదము మొరటుగా నుండును గనుక, అందలి హెచ్చుస్థాయి ధ్వనులను వలసినంత మేరకు ఆపివేయు జల్లెడ యొకటి కలదు, దానిని ఫిల్టరందురు. తక్కిన బిరడాలన్నియు ఈ రెండింటిని దిద్దుకొనుటకే.

నేను భాషాప్రవీణకు చదువు దినములలో మా గురువుగారి యింటి తాటాకు ప్రతులకు పట్టిక వ్రాయు పని కొంతకాలము చేసితిని. మొదటి యాకును చివరి యాకును ముందుగా చెదలపాలగును. కవి పేరు తఱచుగా నుండునదియు ఆ రెండింటియందే. పేరున్నచోట మఱింత జాగ్రత్త వలయును. వ్రాయసకాడు ఒక్కొక్కప్పుడు ప్రసిద్ధకవి పేరు తగిలించి గద్యను మార్చివేయును. కావున గురువుగారు నన్ను మొదట గద్య చూడనిచ్చెడివారు కారు. లిపి చూడుము, ఆకు కోసిన తీరు చూడుము, లోపలి మాట చూడుము, కడపట గద్య చూడుము అనునది వారి క్రమము. నేనును ఆ జపాను పేరును అట్లే ప్రక్కకు పెట్టితిని.

బిరడాల క్రింద అచ్చువేసిన మాటలు రుష్యా లిపిలో నున్నవి. ఈ లిపిలో కొన్ని యక్షరములు ఇంగ్లీషువానివలె కానవచ్చి మోసము చేయును. పీ వలె నున్నది ‘ర’కారము, సీ వలె నున్నది ‘స’కారము, హెచ్ వలె నున్నది ‘న’కారము. ఒక రాత్రిలో అక్షరమాల పట్టువడినది. మన యేబదియారింటి యెదుట వారి 33 ఒక లెక్కా! కూడబలుకుకొని చదువగా గెనెరాతర్, ఫిల్త్ర్, షూమ్ అను మాటలు వచ్చినవి. షూమ్ అనగా హోరు. జపానువాడు పరదేశములకు పంపు సరకుపై ఇంగ్లీషు వ్రాయును గాని, హోరని రుష్యా లిపిలో నేల వ్రాయును? వెనుకవైపున తీగెలు గ్రుచ్చు గూళ్లు చూచితిని. పాశ్చాత్య వాద్యములకు సామాన్యముగా లావుపాటి ములుకొకటి పట్టు రంధ్రముండును. ఇందు గుండ్రని గూటిలో అర్ధచంద్రాకారముగా అయిదు చిన్న రంధ్రములున్నవి. జర్మనీలో పుట్టిన యీ పద్ధతిని సోవియట్టు రేడియోలు, టేపురికార్డరులు విశేషముగా అనుసరించినవి.

ఇక సోవియట్టు వాద్యములలో నేది? జనరేటరు లెన్నియని యడిగితిని, రెండనెను. మూరోము పట్టణపు ‘అయెలీత’ వాద్యమునకు మూడు. కావున అది కాదు. మెట్లు 48. రెండు మెట్లు కలిపి నొక్కిన రెండు స్వరములును పలుకుచున్నవట. ఆనాటి యిట్టి వాద్యములలో అనేకములు ఒక్క స్వరమునకు మించి పలుకవు.

తరువాత ప్లగ్గు తీయించి, ఎలక్ట్రానిక్సు చదువుచున్న వాని మిత్రునిచేత మూత విప్పించితిని. లోపలి చిప్పులపై 84తో మొదలగు అంకెలున్నవి. అనగా 1984వ సంవత్సరపు సరకు. ఒక్క చిప్పు సాక్ష్యము చాలదు, మరమ్మతులో మార్చియుండవచ్చును. పది చూడుమంటిని. 83, 84 తప్ప వేఱు లేవు. కావ్యమున ఒక రాజు పేరు వచ్చినచో, అది యా రాజునకు పూర్వము పుట్టలేదని మాత్రమే చెప్పగలము. అట్లే యీ పెట్టె 1984కు ముందు పుట్టలేదు.

సందేహము తీర్చినది ఫిల్టరు. జల్లెడ కట్టువారు సామాన్యముగా కెపాసిటర్లను వాడుదురు. అవి విద్యుత్తును కొంత పట్టి విడుచు చిన్న కుండలవంటివి. ఇందు జల్లెడపని చేయు చిప్పులకు అట్టి కుండలు కానరాలేదు. ఆ చిప్పులపై కా-140-ఊదే-12 అని యున్నది. ఈ చిప్పునకు అందించు విద్యుత్తును తగ్గించిన కొలది అది మందగించును. మందగించిన చిప్పు హెచ్చుస్థాయి ధ్వనుల నందుకొనజాలదు. కల్పించినవాడు ఆ లోపమునే జల్లెడగా చేసికొన్నాడు. ముప్పదియైదేండ్లు మందబుద్ధులకు పాఠము చెప్పినవాడను, నాకీ యుపాయము మిక్కిలి నచ్చినది.

ఈ లక్షణములన్నియు ఒక్కచోట నున్న వాద్యము ‘పోలివోక్సు’. బహుకంఠమని యర్థము, పలుకునవి మాత్రము రెండే. అతిశయోక్తి కవులకే కాక కర్మాగారములకును కలదు. వ్లదీమిర్ కుజ్మీన్ అను ఇంజనీరు దీనిని కల్పించెను. పైరూపమును తీర్చినది ఆయన భార్య ఒలింపియాద కుజ్మీనా. సోవియట్టు సైన్యపు రేడియోల పోలిక ఆమె యిచ్చినదే. 1982 మొదలు 1990 వఱకు కచ్కనార్ పట్టణపు ‘ఫొర్మాంత’ కర్మాగారమున ఇది తయారైనది. ఆ పట్టణము స్వెర్ద్‌లోవ్‌స్కు మండలములోనిదే. జపాననుకొన్నది పొరుగూరి సరకు! ధర 920 రూబుళ్లు. అప్పటి సామాన్యుని నెలజీతము 200 రూబుళ్లకు లోపు.

ఆ దేశమున నిట్టి ప్రయత్నములు చిరకాలముగా నున్నవి. లెవ్ తెర్మెన్ అనునాయన 1920 ప్రాంతమున, చేతితో తాకకయే వాయించు వాద్యమును కనిపెట్టి 1922లో లెనినునకు వినిపించెను. యెవ్గేనీ మూర్జిన్ గాజుపలకపై గీసిన గీతలను నాదముగా మార్చు యంత్రము కట్టి, స్క్ర్యాబిన్ అను స్వరకర్త పేరిటి మొదటి యక్షరములతో ‘ఆన్స్’ అని పిలిచెను. 1972 నాటి ‘సొల్యారిస్’ చలనచిత్రమున దాని నాదము కలదు. కాని ఆ యంత్రము క్లబ్బులో వాయించువాని చేతికి అందునదా? పోలివోక్సు అందినది.

కడపట గద్య చూచితిమి. జపాను పేరున్నచోట దీపమును వాలుగా పట్టుమంటిని. రంగు క్రింద గీకివేసిన అక్షరముల జాడ కానవచ్చెను: గుమ్మమువలె నున్న ‘ప’కారము, దాని ప్రక్క గుండ్రని ‘ఓ’.

మావాడు ఆమెను కూర్చుండబెట్టి అంతయు వివరించెను. ఆమె కన్నద్దములు పెట్టుకొని ఆ జపాను పేరును చాలసేపు చూచి, "ఇది ఆయన కుంచె. క్లబ్బులో ప్రకటన పలకలు వ్రాసినది ఆయనే. ఆ తోక త్రిప్పుట మఱి యెవరికిని రాదు" అనెనట. స్వదేశపు సరకన్న నాటి పడుచువారికి చిన్నచూపు; అందుకే వ్రాసియుండునని ఆమె యూహ. తరువాత ధర యెంతయని యడిగెను. 920 అనగానే దిగ్గున లేచి, "నావికు డొకడు పాతసరకు చౌకగా ఇచ్చెను, 300 అని నాతో చెప్పినాడు! ఆ యేడు నా పాత కోటునకు మాసికలు వేసికొన్నాను" అని కోపించి, అంతలోనే కన్నీరు వచ్చునంతగా నవ్వెనట.

వర్తకుని పంపివేసిరి. మావాడు మూడు నెలల యద్దె ముందుగా నిచ్చెను; కిటికీలు వచ్చినవి. వాద్యమిపుడు మంచము క్రింద గాక బల్లపై నున్నది. పై రంగు గీకి అసలు పేరు బయల్పఱచిన కొనువారు హెచ్చు ధర నిత్తురని విని, గీకుదునా యని వాడడిగెను. వలదనెనట. పండితుడనైన నేను ప్రక్షిప్తమును తొలగింపుమని చెప్పవలసినవాడనే, చెప్పలేదు. నా పట్టికలో మాత్రము ఇట్లు వ్రాసికొంటిని: "పోలివోక్సు. 1984కు తరువాతిది. గద్య ప్రక్షిప్తము. వ్రాసినవాడు గృహస్థు."