నిద్ర షిఫ్ట్ చార్టులోనే ఉంది

ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది షిఫ్ట్ చార్టు మీద సంతకం పెట్టేవాళ్లే. అందుకే ఫోన్ పక్కన పెట్టమనీ, సాయంత్రం టీ మానమనీ కార్మికుడికి చెప్పే సలహాలు ఇక్కడ చెప్పను. అతను ఎన్ని గంటలు నిద్రపోగలడో చాలావరకు తేల్చేది మీ సంతకం.

ఒక లెక్క చూద్దాం. బి షిఫ్ట్ రాత్రి 10 గంటలకు అయిపోతుంది. రిలీవర్‌కి చార్జి అప్పజెప్పి, బస్సెక్కి, అనకాపల్లిలో ఇల్లు చేరేసరికి పదకొండున్నర. స్నానం, భోజనం అయ్యేసరికి పన్నెండున్నర. మర్నాడు ఎ షిఫ్ట్ వేశారనుకోండి, 6 గంటలకు గేటు దగ్గరుండాలంటే నాలుగింటికే లేవాలి. కాగితం మీద ఎనిమిది గంటల విరామం ఉంది. కంటికి దక్కింది మూడున్నర గంటలు. అలా వచ్చినవాడికి ఆరోజు రిలీవర్ రాలేదు. డబుల్ డ్యూటీ చేయమంటాం. ఓటీ వస్తుందని అతనూ కాదనడు. రాత్రి తొమ్మిదయ్యేసరికి అతను లేచి 17 గంటలు.

ఆ 17 గంటలకు ఒక కొలత ఉంది. 1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు ఆస్ట్రేలియాలో పరీక్షించి చూశారు. అంతసేపు ఎడతెగకుండా మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతోంది. మన మోటారు వాహనాల చట్టం 0.03 దాటితేనే కేసు పెడుతుంది. తాగి వచ్చినవాడిని గేటు దగ్గరే ఆపేస్తాం. వీడి చేతికి మాత్రం రియాక్టర్ వాల్వు ఇస్తున్నాం. "నాకేం కాలేదు సార్" అని అతనంటే ఆ మాట మీద ఆధారపడకండి. రోజుకు ఆరు గంటల నిద్రతో రెండు వారాలు గడిపినవాళ్ల పనితీరు రోజురోజుకీ దిగజారుతూనే ఉన్నా, అంత నష్టం జరుగుతోందని వాళ్లకే తెలియలేదని 2003లో అమెరికాలో జరిగిన ప్రయోగం చూపించింది.

మరి చార్టు మారిస్తే ఫలితం ఉంటుందా? ఉంటుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో పొటాష్ తీసే ఒక కర్మాగారం ఉంది. అక్కడి కార్మికులకు ప్రతి వారం షిఫ్ట్ వెనక్కి జరిగేది: రాత్రి తర్వాత సాయంత్రం, సాయంత్రం తర్వాత ఉదయం. నిద్ర పరిశోధకుడు చార్లెస్ సైజ్లర్ బృందం ఆ వరసను తిప్పేసింది. చాలామందిలో శరీర గడియారం 24 గంటల కంటే కాస్త నిదానంగా నడుస్తుంది. అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందే పడుకోవడం కష్టం. ఎ తర్వాత బి, బి తర్వాత రాత్రంతా నడిచే సి అయితే ఒళ్లు ఒప్పుకుంటుంది. ఒక బృందానికి మూడు వారాలకోసారి మాత్రమే షిఫ్ట్ మార్చారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి కార్మికుల తృప్తీ పెరిగింది, ఉత్పత్తీ పెరిగింది. 1982లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఎన్నాళ్లకోసారి మార్చాలన్న దాని మీద నిపుణుల్లో ఇంకా వాదన ఉంది. ముందుకే జరపాలన్న దాని మీద మాత్రం పెద్దగా తేడా లేదు. కొత్త యంత్రం కొనక్కర్లేదు, కొత్త మనిషిని పెట్టక్కర్లేదు. ఇంత సులువైన మార్పు ఇన్నేళ్లయినా మన ప్లాంట్లన్నిటికీ చేరకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక సి షిఫ్ట్. తెల్లవారుజామున ఒంటి వేడి బాగా పడిపోతుంది, కళ్లు వాటంతటవే మూతపడతాయి. మన దగ్గర డ్యూటీలో నిద్ర అంటే చార్జిషీటే. నాసా మాత్రం దూరప్రయాణపు పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చి చూసింది. వాళ్లు సగటున 26 నిమిషాలు పడుకున్నారు. పడుకోనివాళ్ల కంటే చురుగ్గా విమానం నడిపారు. కునికేవాడిని పట్టుకోవడానికి రౌండ్లు తిరిగే మీ సూపర్‌వైజరుకే ఆ వంతులు వేసే పని అప్పగించండి. నిద్ర లేచాక మత్తు వదలడానికి ఓ పావుగంట ఇచ్చి, ఆ తర్వాతే మళ్లీ ప్యానెల్ ముందు కూర్చోబెట్టమనండి.