రబ్బీ: పిలుపు నుంచి పదవి దాకా
(మార్టూరు పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో బైబిలు చదివే ఇళ్ళు చాలా ఉన్నాయి. శిష్యులు యేసును "రబ్బీ" అని పిలిచినట్లు ఆ ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట పుట్టుక గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

హెబ్రీలో "రవ్" అంటే గొప్పవాడు. "రబ్బీ" అంటే నా గురువు. మొదట అది హోదా కాదు. మనం "అయ్యా", "గురువుగారూ" అన్నట్లు మర్యాద పిలుపు మాత్రమే. యేసుకు ముందు తరంవాడైన హిల్లేలు మహాపండితుడు. ఆయన పేరుకు ముందు ఈ బిరుదు లేదు.

క్రీ.శ. 70లో రోమను సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేసింది. బలులు ఆగాయి, యాజకులకు పని లేకపోయింది. యాజకత్వం వంశంతో వచ్చేది. దాని స్థానంలోకి చదువు వచ్చింది. ధర్మశాస్త్రం నేర్చినవానికి గురువు అధికారమిచ్చి "రబ్బీ" అనడం స్థిరపడింది. ఈ అధికారమివ్వడాన్ని "సెమిఖా" అంటారు. దాన్ని ఇశ్రాయేలు దేశంలోనే ఇవ్వాలని నియమం. అందుచేత బాబిలోను పండితులు "రవ్" అనిపించుకున్నారు. సభాపతులను "రబ్బాన్" అన్నారు. అన్నిటికన్న గొప్పది ఏ బిరుదూ లేని పేరేనని వారి పెద్దలు భావించారు.

కాలక్రమేణా పాత సెమిఖా పరంపర తెగింది. మధ్యయుగాల ఐరోపాలో రబ్బీ అంటే సంఘం జీతమిచ్చి పెట్టుకొనే ఉద్యోగి అయ్యారు. బోధను అమ్ముకోరాదు గనుక, ఆ జీతం పోయిన కాలానికి పరిహారమని సమాధానం చెప్పుకొన్నారు. 12వ శతాబ్దపు మైమోనిడీస్ అందుకు సమ్మతించలేదు. ఆయన వైద్యవృత్తి చేశారు. 1935లో జర్మనీలో రెజీనా యోనాస్ అనే మహిళ రబ్బీ అయ్యారు. 1944లో ఆమెను ఆష్విట్జ్‌లో చంపారు.

మన దేశానికి వస్తే, కొచ్చి యూదులు రబ్బీలు లేకుండానే, సంఘ పెద్దలతో శతాబ్దాలు ప్రార్థన సాగించారు. మన పొరుగున చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పుకొనే తెలుగు కుటుంబాలున్నాయి. 1991లో వారు సమాజమందిరం ఏర్పరచుకున్నారు. ఎవరు యూదులో తేల్చడంలో రబ్బీల మాటకు బరువెక్కువ. మణిపూర్, మిజోరాంలలోని మనష్షే గోత్రీకులమనేవారిని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు గుర్తించారు. అటువంటి గుర్తింపే వీరూ కోరుకున్నారు. ఒక బిరుదు ఒక కుటుంబం భవిష్యత్తును ఎలా తాకుతుందో చూడండి.

మన రాజ్యాంగం 18వ అధికరణం ప్రభుత్వం బిరుదులివ్వడాన్ని రద్దు చేసింది. సైనిక, విద్యా గౌరవాలను మాత్రం ఉంచింది. అంటే చదువుకు గౌరవం మిగిలింది. మన హోదాలను రిటైరైన రోజునే కుర్చీతోపాటు వదిలివచ్చాం. నేర్చిన పని మాత్రం మనతోనే ఉంది. అర్జీ రాయడం, పెన్షను కాగితాలు చూడడం వచ్చినవారు ఊళ్ళో నలుగురికీ ఆ సాయం చేస్తే, పిలుపు దానంతట అదే వస్తుంది.

సెలవు.