కంప్యూటరు లేని కంప్యూటరు పాఠము



మన పాఠశాలలలో కంప్యూటరు విద్యను గూర్చి మాట్లాడుమని నన్ను కోరినారు. నేను బోధించిన ఒక పాఠశాలలో పది కంప్యూటర్లుండెను. దుమ్ము పడకుండ గుడ్డలు కప్పి, గదికి తాళము వేసి, తాళపుచెవిని బీరువాలో ఉంచిరి. పిల్లలు కీబోర్డు, మౌసు బొమ్మలను నోటుబుక్కులో గీసి మార్కులు తెచ్చుకొనిరి. యంత్రము పాడగునేమో అను భయము నాకును ఉండెను. రెండేండ్లు ఆ తాళపుచెవిని నేనును అడుగలేదు.

అట్టి దినములలో 'కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్' అను పాఠములు నా చేతికి వచ్చినవి. న్యూజీలాండులోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయపు టిమ్ బెల్ గారును ఆయన సహచరులును 1990 దశకములో వీటిని ప్రారంభించిరి. ఉచితముగా దొరకును, కరెంటు అక్కరలేదు.

పాత శుభలేఖల తెల్లని వైపున చుక్కలు పెట్టితిని: 16, 8, 4, 2, 1. అయిదుగురు పిల్లలను వరుసగా నిలువబెట్టితిని. చుక్కలు చూపినచో లెక్కకు వచ్చును, త్రిప్పినచో రావు. 16, 4, 1 చూపినచో 21. ఇట్లు 0 మొదలు 31 వరకు ఏ సంఖ్యనైనను చూపవచ్చును. కంప్యూటరు లెక్క కూడ ఈ రెండు స్థితులతోనే నడచును.

ఇంగ్లీషు అక్షరములు 26 గనుక అయిదు కార్డులు చాలును. "మరి మన అక్షరాలకో సార్?" అని ఒక పిల్ల అడిగినది. అవి ఏబదికి మించును గదా! 32 చుక్కల ఆరవ కార్డును ఆ పిల్లయే చేసి తెచ్చినది. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగునకు కేటాయించిన స్థానములు 128, అనగా ఏడు కార్డుల లెక్క. మన ఫోనులలో చదువుకొను తెలుగు ఆ స్థానములలోనిదే.

కార్డులతోనే సమస్తము రాదు. టైపు చేయుట, ఫైలు దాచుట, మోసపు సందేశమును గుర్తించుట యంత్రము ముందు కూర్చుండియే నేర్వవలెను. ఆ పిల్లలే హెడ్‌మాస్టరు గారిని తాళపుచెవి అడిగిరి. ఒక కీబోర్డు పాడైనది, నిజమే. గదిని మాత్రము మరల మూయలేదు.

శతాబ్ది నిధితో క్రొత్త కంప్యూటర్లు కొనవలెనని కమిటీవారి ఆలోచన. సంతోషమే. అయితే ఉపాధ్యాయుల శిక్షణకును మరమ్మతులకును కొంత సొమ్ము ముందే తీసి ఉంచవలెనని నా మనవి. బాగుచేయించు దారి లేనిచోట ఎవరును తాళము తీయరు.

ఇప్పుడు ఏడుగురు సండేస్కూలు పిల్లలు మన డయాసిస్ వయస్సును చూపుదురు. 64, 32, 4 చుక్కల కార్డులు మీ వైపునకు, తక్కిన నాలుగును త్రిప్పి. కూడి చూడుడి.