జోడేఘాట్ కథ చెప్పే పిల్లలకు

(జోడేఘాట్‌కు వచ్చేవారికి దారి చూపి, చరిత్ర వివరించే మన యువతీయువకుల వార్షిక సహపంక్తి భోజనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

భీం వర్ధంతి పనులు ముగిశాయి. దండారి ఇంకా మొదలు కాలేదు. ఈ నడుమ మనందరం ఒక్క పంక్తిలో కూర్చొని జొన్న గటక, పప్పు తినడం మంచి ఆనవాయితీ. వడ్డించే లోపు నాలుగు మాటలు చెప్తాను.

ముందు నా తప్పు చెప్తాను. మొదట్లో నేను కూడా మీలాగే వచ్చినవాళ్లకు కథ చెప్పేవాణ్ణి. ఒకసారి పట్నం నుంచి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టాలని, కాల్పుల్లో పోయినవాళ్ల లెక్క నోటికొచ్చినంత పెంచి చెప్పాను. వెనక నిలబడ్డ ఒక అవ్వ, వాళ్లు వెళ్లాక నన్ను పిలిచింది. "బిడ్డా, ఆ రోజు మా నాయన ఆడనే ఉన్నడు. నువ్వు చెప్పిన కథల మా నాయన లేడు" అన్నది. తల దించుకున్నాను. ఆ మాట ఇప్పటికీ మరువలేదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో గెటిస్‌బర్గ్ అనే ఊరుంది. 1863 జులైలో అక్కడ మూడు రోజులు పెద్ద యుద్ధం జరిగింది. చూడటానికి వచ్చినవాళ్లకు ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారని ఫిర్యాదులు పెరిగాయి. 1915 నుంచి పరీక్ష పాసై లైసెన్సు పొందినవాళ్లే అక్కడ గైడ్లు. మనకు అలాంటి పరీక్ష లేదు. మన ఊరి పెద్దలే మన పరీక్షాధికారులు.

2022లో 'ఆర్ఆర్ఆర్' సినిమా వచ్చాక, "అల్లూరి, భీం ఎక్కడ కలిశారు?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నవ్వుతూనే నిజం చెప్పండి. అల్లూరి 1924లో అమరుడయ్యాడు. భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఇద్దరూ కలిశారనడానికి ఆధారం లేదు. అది సినిమా కథ.

తేదీ అడిగితే తడబడకండి. రాతల్లో ఒకచోట సెప్టెంబర్, ఇంకోచోట అక్టోబర్ అని ఉంది. మనవాళ్లు ఆశ్వయుజ పౌర్ణమి నాడు తలుచుకుంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్తే మన గౌరవం తగ్గదు.

భీం ఎలా పోయాడన్న దగ్గరే కథ ఆపకండి. ఎందుకు నిలబడ్డాడో చెప్పండి. తరతరాలుగా దున్నిన పోడును అడవి శాఖ తనదన్నది. పశువులు మేసినా, కట్టె కొట్టినా పన్ను అడిగారు. అందుకే జోడేఘాట్, బాబేఝరి చుట్టుపక్కల 12 ఊళ్ల భూమి మీద హక్కు కావాలని నిజాం సర్కారును అడిగారు. జల్, జంగల్, జమీన్ అంటే ఇదీ. ఈ సంగతి అర్థమైతే వచ్చినవాళ్లు ఫొటో దిగి పోరు, ఆలోచిస్తూ పోతారు.

చివరగా ఒక పని. వచ్చే ఏడు ఈ భోజనానికి ఒక్కొక్కరు ఒక్క ముసలవ్వ మాటో, తాత మాటో ఫోన్‌లో రికార్డు చేసి తీసుకురండి. వాళ్ల పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. గోండీలో చెప్తే గోండీలోనే ఉంచండి. వాళ్లనూ వెంట తీసుకొచ్చి మొదటి పంక్తిలో కూర్చోబెడదాం. నాకు బుద్ధి చెప్పిన అవ్వ మాట నేను రాసి పెట్టుకోలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.

విస్తర్లు వేశారు. ముందు పెద్దలకు వడ్డించండి. జై సేవా!