ఆ గొట్టమింకను అవసరమా?



ఆసుపత్రిలో మనవారిని చూడబోయినపుడు జ్వరమెంత, ఆహారమేమి అని విచారింతుము. మెడ ప్రక్కనో గజ్జలోనో పెద్ద సిరలోనికి అమర్చిన గొట్టమును గూర్చి అడుగువారరుదు.

1929లో వెర్నర్ ఫోర్స్‌మన్ అను జర్మను వైద్యుడు తన మోచేతి సిరనుండి గుండెవరకు సన్నని గొట్టమును తానే పంపుకొని, ఎక్స్‌రే గదికి నడచిపోయి చిత్రము తీయించుకొనెను! 1956లో ఆయనకు మరి యిద్దరితోపాటు నోబెల్ బహుమానము లభించినది. నేడు తీవ్రమైన మందులకును, డయాలిసిస్‌కును, నోట తినలేనివారి పోషణకును ఇట్టి గొట్టమే ఆధారము. కాని చర్మము దేహమునకు కోటగోడ. గొట్టమున్నంతకాలము ఆ గోడకు గండియున్నట్లే. చర్మముపైని సూక్ష్మజీవులు గొట్టము వెంబడి లోనికి ప్రాకును. మందెక్కించు మూతను శుభ్రపరుపక తాకినచో గొట్టము లోపలినుండియే రక్తమున ప్రవేశించును. గొట్టమునకు జిగురుపొరవలె అంటుకొనిన పిమ్మట మందులకు సులభముగా లొంగవు.

నెలలు నిండని శిశువులకును, క్యాన్సరు చికిత్సలో తెల్లకణములు తగ్గినవారికిని భయమెక్కువ. తొందరలో పెట్టిన గొట్టమును, గజ్జలోని గొట్టమును మరింత కనిపెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యము దినముల లెక్క. గొట్టము నిలిచిన ప్రతిదినము ప్రమాదమును పెంచును.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున పీటర్ ప్రొనొవోస్ట్ బృందము నూరుకు పైగా ఐ.సి.యు.లలో చేసి చూపినది వినుడు. చేతులు కడుగుట, గొట్టము పెట్టునపుడు ముసుగు, తొడుగులు ధరించి రోగిని శుభ్రమైన వస్త్రముతో పూర్తిగా కప్పుట, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మము తుడుచుట, గజ్జను వర్జించుట, అక్కరతీరిన గొట్టమును వెంటనే తీయుట. ఇంతే! కొత్త మందొక్కటియు లేదు. 1000 గొట్టపు దినములకు సగటున 7.7గా నున్న రక్తపు ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు దిగినవని 2006లో ప్రకటించిరి.

ఆ అయిదింటిలో కడపటిది మనము గుర్తుచేయదగినది. "ఈ గొట్టమింకను అవసరమా?" అని దినమున కొకసారి డాక్టరుగారిని అడుగుడు. మన పెద్దలు దీనిని అమర్యాదయని సంకోచింతురు. మంచి డాక్టరు తప్పుపట్టడు. కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, ఇంటిలో ఆ భాష ధారాళముగా వచ్చినవారే అడుగవచ్చును. గొట్టమును మాత్రము మనము తాకరాదు. కట్టు తడిసినను, ఊడినను, మందెక్కుచుండగా చలితో వణకు పుట్టినను ఆ క్షణమే నర్సుకు చెప్పవలెను.

మూత్రపిండముల వ్యాధి ముదురుచున్నవారి కింకొక మాట. చేతిలో ధమనిని సిరతో కలుపు ఫిస్టులాను గూర్చి ముందుగానే డాక్టరుతో మాటలాడుడు. అది వాడుకకు వచ్చుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ఆలస్యమైనచో అంతవరకును మెడలోని గొట్టమే దిక్కగును.