నీరు ముందా? వరద ముందా?
(పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గణితంలో ఇప్పుడు ఏమి పరిశోధనలు జరుగుతున్నాయో చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. భోజనాల వేళకు ముందు గణితం మాట్లాడడం సాహసమే. అందుచేత మన ఊరి పక్క నుంచి పారే గణితం గురించే చెబుతాను.

వరద రోజుల్లో భద్రాచలం నుంచి అడుగులు చెబుతారు, ధవళేశ్వరం నుంచి క్యూసెక్కులు చెబుతారు. నడుమనున్న కొవ్వూరు వాళ్లం ఆ రెండు అంకెలూ విని, గోష్పాద క్షేత్రంలో ఎన్ని మెట్లు మునుగుతాయో లెక్క వేసుకుంటాం. ఈ లెక్క ఎంత చిక్కైనదో చూడండి. 1986 ఆగస్టులో భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో భద్రాచలంలో 71.3 అడుగులు వచ్చింది. తేడా నాలుగడుగుల పైచిల్లర. ధవళేశ్వరం దగ్గర మాత్రం 25 లక్షల పైచిలుకే వచ్చింది. అడుగులు విని క్యూసెక్కులు ఊహించేవారికి ఇది జాగ్రత్త చెప్పే ఉదాహరణ. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆ నీరు భద్రాచలం అంకెలో లేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. భద్రాచలం దగ్గర తెల్లవారుజామున దాటిన నీరే ఇక్కడికి వచ్చి మన రేవులో మట్టాన్ని పెంచుతుందా? అవుననే అనుకుంటాం. కాదు. నీటికంటె వరద ముందు వస్తుంది.

క్యూలో నిలబడ్డ అనుభవం మనకు కొత్త కాదు. వెనకనుంచి తోపు వస్తే, తోసినవాడు ఉన్నచోటే ఉంటాడు, తోపు మాత్రం కౌంటరు దాకా వస్తుంది. నదిలోనూ అంతే. ఎగువ నీరు చేరి ఒకచోట లోతు పెరిగితే, అక్కడి నీరు జోరందుకుని దిగువకు ఎక్కువగా తోసుకుపోతుంది. అక్కడా లోతు పెరుగుతుంది. మానింగ్ అనే ఐర్లండు ఇంజనీరు సూత్రం ప్రకారం లెక్కిస్తే, వెడల్పాటి నదిలో ఈ పెరుగుదల నీటి వేగానికి 5/3 రెట్లు వేగంతో సాగుతుంది. నీరు సెకనుకు 2 మీటర్లు పోతున్నదనుకోండి. గంటకు 7.2 కిలోమీటర్లు. వంద కిలోమీటర్లకు దాదాపు 14 గంటలు. వరద అల మాత్రం గంటకు 12 కిలోమీటర్ల చొప్పున ఎనిమిది గంటల ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది. లంకలో పశువులు, మంచం దిగలేని ముసలివాళ్లు ఉన్న ఇంటికి ఈ ఐదారు గంటల తేడా చాలా పెద్దది. (గట్టు దాటి లంకల మీద పరుచుకుంటే అల నెమ్మదిస్తుంది, ఎత్తూ తగ్గుతుంది. పై లెక్క గట్ల మధ్య పారే నదికి.)

ఈ విషయాన్ని 1955లో లైట్‌హిల్, విథమ్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు చక్కగా తేల్చారు. ఒకే శీర్షిక కింద రెండు వ్యాసాలు రాశారు. మొదటిది పొడవైన నదుల్లో వరద గురించి. రెండవది, నమ్మండి, రద్దీ రోడ్ల మీద వాహనాల గురించి! మన రోడ్డు కమ్ రైలు వంతెన మీద ఒక బస్సు ఆగితే, ఆ ఆగుడు వెనక్కి వెనక్కి పాకుతుంది కదా. అదీ అలే. నదిలో అల నీటికంటె ముందు పోతుంది, రోడ్డు మీద బళ్లకంటె వెనకపడుతుంది. సమీకరణం మాత్రం ఒకే కుటుంబానిది. గణితంలో నాకు అన్నిటికంటె ఇష్టమైనది ఇదే.

వీటికి మూలం 1871లో సెయింట్ వెనాంట్ అనే ఫ్రెంచి పండితుడు ఇచ్చిన రెండు సమీకరణాలు. మొదటిది ఇంటి జమాఖర్చే: వచ్చినదానిలో పోయినది తీసేస్తే మిగిలింది నిల్వ. రెండవది నీటిని నడిపే బలాల లెక్క. వీటి తాతగారైన నావియర్-స్టోక్స్ సమీకరణాల మీద ఒక ప్రశ్నకు 2000లో పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు. అది మన డి.ఏ. బకాయిల్లాగ ఇంకా పెండింగులోనే ఉన్నది.

పాత పద్ధతిలో ఎగువ గేజీ అంకెకు దిగువ గేజీ అంకె జతచేసిన పట్టికలుండేవి. మంచి పద్ధతే, నది మారనంతవరకు. 2021 జూన్‌లో గోదావరి ప్రవాహాన్ని పోలవరం స్పిల్‌వే గుండా మళ్లించారు. నడుమ దారి మారినప్పుడు పట్టికను ఎంతవరకు నమ్మాలి? సమీకరణాలైతే కొత్త కొలతలిచ్చి మళ్లీ సాధించవచ్చు. అందుకే ఈ గణితం మనకు కావలసినది.

కొత్తగా కంప్యూటర్లకు పాత వరదలు చూపించి నేర్పించే పద్ధతి వచ్చింది. 2024 మార్చిలో గూగుల్ పరిశోధకులు 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. తమ పద్ధతి ఐదు రోజుల ముందు చెప్పే అంచనా, వాడుకలో ఉన్న ప్రపంచస్థాయి పద్ధతి ఆ రోజుకారోజు చెప్పేదానికి తీసిపోదని వారి మాట. 2022 డిసెంబరులో పైకి పంపిన స్వాట్ ఉపగ్రహం వెడల్పాటి నదుల నీటిమట్టాన్ని ఆకాశం నుంచే కొలుస్తున్నది. సంతోషమే. అయినా నేర్పడానికీ, సరిచూడడానికీ నిజమైన కొలతలు కావాలి. గట్టు మీద నిలబడి గేజీ చదివే మనిషి జీతం దండగ అనేవారితో నేను ఏకీభవించను.

మానింగ్ సూత్రంలో గరుకుతనానికి ఒక అంకె ఉంటుంది. నున్నని సిమెంటు కాలువకు 0.012 ప్రాంతం, మామూలు నదికి 0.03 ప్రాంతం, చెట్లు దట్టంగా ఉన్న వరద మైదానానికి 0.1 దాకా. మన లంకల్లో అరటితోటలు, చెరుకుతోటలు నీటిని ఎంత ఆపుతాయో ఏ పుస్తకమూ నేరుగా చెప్పదు. గతంలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే, ఆ అంకెను వెనక్కి లెక్కకట్టవచ్చు. అందుకు గోడల మీది వరద గుర్తులే ఆధారం. చాలా గోడలు పడిపోయాయి, ఉన్నవాటికి సున్నాలు వేశారు. 1986 నాటికి ఉద్యోగాల్లో ఉన్న మనబోటివాళ్లకు మాత్రం జ్ఞాపకం ఉన్నది. మన తర్వాత ఎవరికుంటుంది?

కాబట్టి ఒక మనవి. కార్యదర్శిగారి దగ్గర ఒక రిజిస్టరు పెట్టించాను. 1986లో గానీ, 2022లో గానీ నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూసినవారు అందులో రాయండి. ఏ వీధి, ఏ గోడ, గుమ్మానికి ఎంత ఎత్తు, ఏ తేదీ, పగలా రాత్రా. "చాలా ఎత్తు" అని రాయవద్దు, జానలైనా ఫరవాలేదు. ఆ గుర్తు ఇప్పటికీ ఉంటే రంగు వేయించకముందే ఫొటో తీయించండి. రాయలేనివారు చెబితే మనుమలు రాస్తారు. రిజిస్టరు నిండాక దాన్ని జలవనరుల శాఖ ఇంజనీర్లకు అందజేద్దాం. మొదటి పేజీలో మా ఇంటి అరుగు కొలత నేను రాశాను. రెండవ పేజీ ఖాళీగా ఉన్నది.