ఫ్యాక్స్ కాగితం మీద గీతలు

బద్వేలు నుంచి కడపకు ఫ్యాక్సులో పంపిన అడంగల్‌లో సర్వే నంబరు మీదే గీత పడితే ఆ కాగితం ఎందుకూ కొరగాదు. ముందు పంపిన యంత్రంలోనే ఒక కాపీ తీయండి. అందులోనూ నిలువు గీత ఉంటే దోషం చాలావరకు స్కానర్ అద్దం మీది మురికిది, తుడిస్తే పోతుంది. కాపీ శుభ్రంగా వస్తే లైన్ని అనుమానించాలి. రిసీవరెత్తి ఒక అంకె నొక్కితే డయల్ టోన్ ఆగుతుంది. అప్పుడు చెవి పెట్టి వినండి. గరగర వినిపిస్తే తీగ అతుకులో తేమో తుప్పో చేరి ఉండొచ్చు, లైన్‌మన్‌తో మార్పించండి. అదే తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వస్తుంటే రెండు సంకేతాలనూ విడదీసే స్ప్లిటర్ తప్పనిసరి. అప్పటికీ గీతలు పోకపోతే ఫ్యాక్సు వేగాన్ని సెకనుకు 14,400 బిట్ల నుంచి 9,600కు తగ్గించండి. ఆలస్యమైనా అక్షరం నిలుస్తుంది. తప్పులు దిద్దే ఈసీఎంను మాత్రం ఆపొద్దు, చెడిన ముక్కను అవతలి యంత్రం మళ్లీ అడిగి తెప్పించుకునేది దానివల్లే. ఇంటర్నెట్ ఫోనైతే, మాటను కుదించే పద్ధతి ఫ్యాక్సు కూతను పాడుచేస్తుంది. ఇంటర్నెట్ మీద ఫ్యాక్సు పంపే టి.38 సౌకర్యం ఉందేమో ఆ ఫోన్ సంస్థను అడిగి పెట్టించుకోండి.